పసుపు మందారం ఎర్రగా ఎందుకు పూస్తోంది, కొమ్మలు ఎందుకు నాటుకోవడం లేదు?

మీ పసుపు మందారం రంగు మార్చుకోలేదండీ. కింద ఉన్న ఎర్ర మందారం దాన్ని తినేస్తోంది, అంతే.

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. రెండేళ్ల కిందట అరచేయంత పసుపు పువ్వు చూసి నర్సరీలో మొక్క కొన్నారు, హైదరాబాద్‌లో మీ డాబా మీద కుండీలో పెట్టారు. మూడు నెలలు విరగబూసింది, ఆ తర్వాత మొగ్గలు రాలడం మొదలుపెట్టింది. ఇప్పుడు మొక్క ఏపుగా పెరిగి చిన్న చిన్న ఎర్ర రేక మందారాలు పూస్తోంది, పైన ఒక్క కొమ్మకు మాత్రం ఎప్పుడో ఒకసారి పసుపు పువ్వు కనపడుతోంది. ఆ కొమ్మ కూడా పోయేలోపు ఇంకో మొక్క చేసుకుందామని ఆరు ముక్కలు నాటితే ఆరూ చిగురు వేసి మరీ ఎండిపోయాయి. నర్సరీవాళ్లు మోసం చేశారా అని చివర్లో అడిగారు.

మోసం కాదు. మీరు కొన్నది ఒక మొక్క కాదు, రెండు మొక్కలు. పెద్ద పువ్వుల హైబ్రిడ్ మందారాల్లో చాలావాటికి సొంత వేళ్లు బలహీనం. నాలుగు రోజులు కుండీలో నీళ్లు నిలిస్తే కుళ్లిపోతాయి. అందుకని గట్టి నాటు మందారం, ఎక్కువగా ఆ ఎర్ర రేక మందారమే, దాని కొమ్మను వేళ్ల కోసం పెంచి, దాని మీద హైబ్రిడ్ కొమ్మను అంటు కడతారు. కింది వేళ్లు నాటువి, పై పువ్వు హైబ్రిడ్‌ది. ఆ సంగతి కొన్నప్పుడు ఎవరూ చెప్పరు, మనమూ అడగం. కింది నాటు మొక్క చచ్చిపోలేదు కదా, అది కూడా బతకాలనే చూస్తుంది. అంటుకు కిందినుంచి ఒక చిగురు వేస్తుంది. అది హైబ్రిడ్ కంటే రెట్టింపు వేగంతో పెరుగుతుంది, మనం "అబ్బ ఎంత బాగా పెరుగుతోందో" అని మురిసిపోయి ఇంకో చెంబు నీళ్లు పోస్తాం. ఏడాది తిరిగేసరికి పైనున్న హైబ్రిడ్ కొమ్మకు తిండి అందక చిక్కిపోతుంది.

నాది రాజమహేంద్రవరం. ఇరవై ఎనిమిదేళ్లుగా మందారాలు పెంచుతున్నాను, ఉద్యోగం వేరే, మొక్కలు ఆదివారాలు. పక్కనే కడియం, కడియపులంక, వేమగిరి నర్సరీలు ఉండటం నా అదృష్టం. అక్కడ అంట్లు కట్టే ఒక పెద్దాయన దగ్గర రెండు వానాకాలాలు కూర్చుని కత్తి పట్టుకోవడం నేర్చుకున్నాను. మొదటి ఏడాది నేను కట్టిన ఇరవై అంట్లలో మూడు బతికాయి. ఇది ముందే చెప్తున్నాను, కింద చదివింది చేసి మొదటిసారి పోతే నిరాశ పడొద్దని.

ముందు చేయాల్సిన పని. కుండీలో మట్టికి నాలుగైదు అంగుళాల పైన కాండం మీద ఒక బుడిపె గానీ, ఏటవాలుగా మచ్చ గానీ ఉంటుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. అదే అంటు అతికిన చోటు. దాని కింద నుంచి వచ్చిన ప్రతి కొమ్మా నాటుది. ఆకుల్లో కూడా తేడా ఉంటుంది. మీ పసుపుదానికి ఆకు దళసరిగా, కాస్త గుండ్రంగా, నూనె రాసినట్టు మెరుస్తూ ఉండి ఉంటుంది. ఎర్రదానికి ఆకు పల్చగా, అంచు రంపంలా ఉంటుంది. లేత చిగుళ్లు అయితే కత్తిరించకండి, వేలితో పట్టి మొదట్లోంచి కిందికి లాగి పీకేయండి. కత్తిరిస్తే ఒకటి పోయి రెండు వస్తాయి, పీకితే దాని మొదట్లో ఉన్న నిద్రమొగ్గలు కూడా ఊడిపోతాయి. మీ మొక్కకు మాత్రం అవి ఇప్పటికే బొటనవేలంత లావు అయ్యాయంటున్నారు కాబట్టి ఒక్కరోజులో అన్నీ కోసేయొద్దు. మొక్క మొత్తానికి వంట వండుతున్నది ఇప్పుడు ఆ ఎర్ర కొమ్మల ఆకులే. ముందు వాటిని సగానికి తగ్గించండి. మూడు వారాల్లో పసుపు కొమ్మకు కొత్త చిగుళ్లు వస్తాయి, అప్పుడు ఎర్రవాటిని కాండానికి ఆనించి పూర్తిగా కోసేయండి.

కోసిన ఎర్ర కొమ్మలు పారేయొద్దు! అవే రేపు మీ పసుపు మందారానికి వేళ్లు. ఎలాగో చెప్తాను, కానీ ముందు మీ ఆరు ముక్కలు ఎందుకు పోయాయో చూద్దాం, ఎందుకంటే ఎర్రవి నాటుకోవడం వస్తేగానీ తర్వాతి పని కుదరదు.

చిగురు వేసి ఎండిపోయాయన్నారు చూడండి, అక్కడే ఉంది విషయం. కొమ్మ ముక్కలో కొంత తిండి నిల్వ ఉంటుంది. వేడి, తేమ తగలగానే ఆ నిల్వతోనే రెండు చిగుళ్లు వేసేస్తుంది. వేరు ఇంకా పుట్టనే లేదు. మనం చిగురు చూసి బతికిందనుకుని ఎండలోకి మారుస్తాం, నీళ్లు పెంచుతాం, ఇంకా ఉత్సాహం ఉంటే చిటికెడు ఎరువు కూడా వేస్తాం. నిల్వ అయిపోతుంది, ఆకు నీళ్లు అడుగుతుంది, పీల్చి ఇవ్వడానికి వేరు లేదు, ముక్క ఎండిపోతుంది. మందారానికి వేరు పడటానికి వానాకాలంలో నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, చలికాలంలో రెండు నెలలైనా ఆశ్చర్యపోనక్కర్లేదు. అప్పటిదాకా చిగురును లెక్కలోకి తీసుకోవద్దు. రోజూ పైకి లాగి "వేరు వచ్చిందా" అని చూడొద్దు, పుట్టిన నూలుపోగంత వేరు ఆ లాగడంలోనే తెగుతుంది. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ గ్లాసులో నాటితే ఈ టెన్షన్ ఉండదు, వేళ్లు పక్కనుంచే కనపడతాయి. నేను పెరుగు డబ్బాలు వాడతాను.

కొమ్మ ఎంపిక సగం పని. కొస చిగురు పనికిరాదు, కుళ్లుతుంది. మొదట్లో ఉన్న బూడిదరంగు ముదురు కర్రకు బద్ధకం. మధ్యలో, బెరడు పచ్చదనం పోతూ గోధుమరంగులోకి మారుతున్న భాగం, పెన్సిల్ లావు, అదే కావాలి. జానెడు కంటే కొంచెం తక్కువ పొడవు, మూడు నాలుగు కణుపులు వచ్చేలా కోయండి. కింది కోత కణుపుకు సరిగ్గా కింద, ఏటవాలుగా. పదునైన కత్తితో ఒక్క వేటులో తెగాలి, మొద్దు కత్తెరతో నలిపితే అక్కడినుంచే కుళ్లు. కింది ఆకులన్నీ తీసేయండి, పైన రెండు ఉంచి వాటినీ అడ్డంగా సగానికి కోసేయండి. మొగ్గ ఉంటే మొహమాటం లేకుండా గిల్లేయాలి. ముక్క నాటాక పువ్వు పూసింది అని ఫొటోలు పెట్టేవాళ్లను చూస్తే నాకు జాలి, ఆ పువ్వు ముక్క ప్రాణం తీసుకుని పూసిందే.

నాటే మట్టిలో ఎరువు ఉండకూడదు. ఇదొక్కటీ గుర్తుపెట్టుకున్నా చాలు. తోట మట్టి, వర్మీ కంపోస్టు, పేడ ఏదీ వద్దు. కడిగిన ఏటి ఇసుక సగం, కొబ్బరి పొట్టు సగం. కొబ్బరి పొట్టు ఇటుకను రెండుసార్లు నీళ్లు మార్చి నానబెట్టి పిండి వాడండి, అందులో ఉప్పు ఉంటుంది. రూటింగ్ హార్మోన్ పౌడర్ ఎరువుల కొట్లో చిన్న డబ్బా దొరుకుతుంది, కోత చివర తడిపి అద్ది, ఎక్కువైంది దులిపేయండి. తేనె, కలబంద గుజ్జు, దాల్చినచెక్క పొడి, పసుపు ఇవన్నీ నేనూ ప్రయత్నించాను. ఏమీ రాయని ముక్కలకూ వాటికీ నా దగ్గర తేడా కనపడలేదు. హానీ లేదు. మీకు తృప్తిగా ఉంటే రాయండి.

ముందు పుల్లతో బెజ్జం చేసి అందులో ముక్క పెట్టి చుట్టూ అదమాలి, నేరుగా గుచ్చితే పౌడరంతా పైనే రాలిపోతుంది. నీళ్లు ఒకసారి బాగా పోసి, పైన పారదర్శకమైన కవరు బోర్లించి, వెలుతురు ఉండి ఎండ తగలని చోట పెట్టండి. కవరు లోపల ఆవిరి పడుతున్నంతకాలం మళ్లీ నీళ్లు అక్కర్లేదు. రోజూ పోసేవాళ్లవే కుళ్లుతాయి. వేళ్లు డబ్బా గోడకు తగిలాక కవరు ఒక్కసారిగా తీసేయకుండా, రోజుకు కాస్త చొప్పున ఒక వారం తెరవండి. లోపల ఆవిరికి అలవాటుపడిన ఆకు బయట గాలికి ఒక్కపూటలో వాడిపోతుంది. ఇలా చేస్తే నాటు మందారంలో పదికి ఏడెనిమిది మొక్కలు నాకు వస్తాయి. కాలం కూడా చూసుకోవాలి. మృగశిర దాటి, నాలుగు వానలు పడి గాలిలో చెమ్మ వచ్చాక మొదలుపెట్టి శ్రావణం చివరిదాకా దివ్యమైన సమయం. ఇప్పుడు ఆషాఢం నడుస్తోంది కాబట్టి మీరు సరైన వేళకే అడిగారు. రోహిణి ఎండల్లో నాటి నన్ను తిట్టుకోవద్దు.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. మన ముద్ద మందారానికి కాయ కాయడం మీరు చూశారా? నేను చూడలేదు. మామూలు పువ్వులో పుప్పొడి మోసే కేసరాలే ఆ ముద్ద పువ్వులో రేకులుగా మారాయి. అంటే విత్తనం దారి దాదాపు మూసుకుపోయింది, తరతరాలుగా కొమ్మ నుంచి కొమ్మకే వస్తోంది. మా అమ్మమ్మ పెరట్లో బావి పక్కనున్న ముద్ద మందారం కొమ్మ మా అమ్మ తెచ్చుకుంది, అమ్మ దగ్గరి కొమ్మ నేను తెచ్చుకున్నాను. మూడూ ఒకే చెట్టు, మధ్యలో విత్తనం లేదు, మార్పు లేదు. రాయలసీమ వైపు మా వియ్యాలవారు దీన్నే దాసాని పువ్వు అంటారు. పిల్లకు కొమ్మ ఇచ్చి పంపితే అక్కడా అదే చెట్టు లేచింది.

సరే, మీ పసుపు కొమ్మ సంగతి. దాని ముక్కను నేరుగా నాటితే రెండు ఇబ్బందులు: వేరు పడటం కష్టం, పడినా ఆ వేళ్లు డాబా మీద మన వానలకు, ఎండలకు తట్టుకోవడం ఇంకా కష్టం. అందుకని రెండు దారులు. ఒకటి గాలి అంటు. చెట్టుమీద ఉండగానే కొమ్మకు వేళ్లు పుట్టించి, తర్వాత కోసుకోవడం. పెన్సిల్ కంటే కొంచెం లావున్న కొమ్మకు, కొసనుంచి అడుగున్నర కింద, అంగుళం వెడల్పున బెరడును ఉంగరంలా ఒలిచేయాలి. లోపలి తెల్ల కర్ర మీద జిగురుగా ఒక పొర ఉంటుంది, దాన్ని కత్తి అంచుతో గీకి తీసేయాలి. చాలామంది ఇది వదిలేస్తారు, పది రోజుల్లో బెరడు మళ్లీ కలిసిపోతుంది, వేరు రాదు. ఒలిచిన పై అంచున హార్మోన్ పౌడర్ రాసి, నానబెట్టి గట్టిగా పిండిన ఎండు నాచును (స్ఫాగ్నమ్ మాస్) గుప్పెడు చుట్టి, మీద పాలిథిన్ కాగితం వేసి, రెండు చివరలా పురికొసతో నీళ్లు దిగకుండా బిగించాలి. ఐదారు వారాలకు కాగితం లోంచి తెల్ల వేళ్లు కనపడతాయి. ఇంకో వారం ఆగి, కట్టుకు కింద కోసి, చిన్న కుండీలో పెట్టి, పదిహేను రోజులు నీడలో ఉంచండి. నాటేముందు ఆ పాలిథిన్ కాగితం తీసేయాలి. నవ్వొద్దు, మా పక్కింటివాళ్లు కాగితంతో సహా నాటి మూడు నెలలు ఎదురుచూశారు.

కానీ మీకున్నది ఒకే ఒక్క నీరసపు పసుపు కొమ్మ కదా. దానికి బెరడు ఒలిస్తే ఉన్నది కూడా పోవచ్చు. నేనైతే ఇప్పుడే గాలి అంటు కట్టను. ఎర్ర కొమ్మలు తగ్గించి, పసుపుదానికి రెండు నెలలు బలం రానిచ్చి, ఈలోపు ఎర్ర ముక్కలు నాలుగైదు నాటుకుని ఉంచుతాను. ఆశ్వయుజం నాటికి ఆ ఎర్ర మొక్కలు పెన్సిల్ లావు దాటకపోతే తొందరేం లేదు, చలి తగ్గాక ఫిబ్రవరిలో వాటి మీద పసుపు కొమ్మను అంటు కట్టండి. అదే రెండో దారి. ఎర్ర మొక్కను మట్టికి ఆరంగుళాల పైన అడ్డంగా కోసి, మధ్యలో అంగుళం లోతు చీల్చాలి. అదే లావున్న పసుపు కొమ్మ ముక్క, రెండు మూడు కణుపులు ఉన్నది తీసుకుని, ఆకులన్నీ తీసేసి, కింది చివర రెండు పక్కలా చెక్కి గొడ్డలి అంచులా చేయాలి. చెక్కాక కోతను వేలితో ముట్టుకోవద్దు. చీలికలో దింపి, బెరడుకూ బెరడుకూ కనీసం ఒక పక్కనైనా కచ్చితంగా ఆనేలా చూడాలి. లావులో తేడా ఉంటే మధ్యలో పెట్టకుండా ఒక పక్కకు జరిపేయండి, అతుక్కునేది బెరడు కింద పచ్చపొరే, మధ్య కర్ర కాదు. సాగే ప్లాస్టిక్ పట్టీతో గట్టిగా చుట్టి, మీద చిన్న కవరు తొడిగి నీడలో పెట్టండి. మూడు నాలుగు వారాల్లో కణుపు దగ్గర పచ్చగా ఉబికితే అతికినట్టే. ఒకేసారి రెండు మూడు కట్టండి, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది.

మొగ్గలు రాలడం గురించి. దీనికి కారణం ఒకటి కాదు, అందుకే ఇంటర్నెట్‌లో ఒకరు నీళ్లంటారు, ఒకరు పురుగంటారు, ఒకరు పొటాష్ అంటారు. రాలిన మొగ్గను చేతిలోకి తీసుకుని గోటితో చీల్చి చూడండి, సగం జవాబు అక్కడే ఉంటుంది. లోపల చిన్న లేత పసుపు పురుగులు మెలికలు తిరుగుతూ, ఒక్కోసారి ఎగిరి పడుతూ కనిపిస్తే అది మొగ్గ ఈగ. దోమకంటే చిన్న ఈగ మొగ్గ కొసలో గుడ్లు పెడుతుంది, పిల్లపురుగులు లోపల తింటాయి, మొగ్గ పసుపు రంగుకు తిరిగి రాలుతుంది, అవి మట్టిలోకి దిగి మళ్లీ ఈగలై లేస్తాయి. మల్లె తోటల్లో మొగ్గలు పాడుచేసే ఈగ కూడా ఇదే. మొగ్గ లోపల ఉన్నదానికి పైన కొట్టే మందు తగలదు. రాలినవీ, చెట్టుమీద పసుపు తిరిగినవీ రోజూ ఏరి కవర్లో వేసి మూతి కట్టి రెండు రోజులు ఎండలో పడేయండి. కంపోస్టు డబ్బాలో వేశారో, వాటికి మీరే పురుడు పోసినట్టు. ఒక మూడు నాలుగు వారాలు విసుగు లేకుండా ఏరితే వలయం తెగుతుంది. మట్టి మీద వేపపిండి గుప్పెడు కలపండి.

మొగ్గలో పురుగు లేదు, కానీ తెల్ల కాగితం మీద దులిపితే సన్నటి గీతల్లాంటివి పాకుతున్నాయంటే తామర పురుగులు. వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కొంచెం సబ్బు నీళ్లలో ముందు బాగా గిలకొట్టి కలిపి, సాయంత్రం వారానికోసారి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

ఏ పురుగూ లేదంటే నీళ్లు. మీరు ఊరెళ్లినప్పుడు నాలుగు రోజులు ఎండి, వచ్చాక బకెట్లు పోశారా? మందారానికి ఆ హెచ్చుతగ్గులు పడవు, మొగ్గనే ముందు వదిలేస్తుంది. మీ మొక్క ఎక్కడినుంచి వచ్చిందో గానీ, మా వైపు నుంచి లారీల్లో వెళ్లే మొక్కలకు వేళ్ల చుట్టూ ఒండ్రుమట్టి ముద్ద గట్టిగా ఉంటుంది, దారిలో వేరు కదలకుండా. దాన్ని అలాగే కుండీలో పెట్టేస్తే చుట్టూ మట్టి తడుస్తుంది గానీ ముద్ద లోపలికి నీరు దిగదు. పైకి తడి, వేరుకు దాహం. కొత్త మొక్కను బకెట్ నీళ్లలో అరగంట ఉంచి ఆ ముద్దను సగం దాకా మెల్లగా కరిగించి నాటాలి.

ఇంకో మాట, నర్సరీలో విరగబూసిన మొక్క ఇంటికొచ్చాక పూయడం మానేస్తే అది మీ చేతి దోషం కాదు. అమ్మకానికి కుదురుగా, పొట్టిగా, నిండా మొగ్గలతో ఉండటానికి చాలాచోట్ల పెరుగుదలను ఆపే మందు వాడతారు. దాని ప్రభావం పోయాక మొక్క తన అసలు పొడవుకు సాగుతుంది. ఆ కొన్ని నెలలు ఓపిక పట్టాలి.

ఎరువు దగ్గర మాత్రం కోప్పడతాను. నెలకు గుప్పెడు డీఏపీ వేస్తున్నానన్నారు, పైగా ఎముకల పొడి! డీఏపీలో నత్రజని 18 శాతం, భాస్వరం 46 శాతం. మందారానికి పూల మొక్క కదా అని భాస్వరం దంచుతారు, కానీ దీనికి అది తక్కువ చాలు. మట్టిలో భాస్వరం పేరుకుంటే ఇనుము, జింకు అందవు. మీరు చెప్పిన "లేత ఆకులు పసుపు, ఈనెలు మాత్రం ఆకుపచ్చ" అదే. దానికి తోడు మీ బోరు నీళ్లలో సున్నం, కుండీ అంచున తెల్ల పొర కడుతుందన్నారు కదా. ఇనుము మట్టిలో ఉన్నా ఆ సున్నం దాన్ని వేరుకు అందనివ్వదు. డీఏపీ, ఎముకల పొడి ఏడాదిపాటు పూర్తిగా ఆపండి. పొయ్యి బూడిద కూడా వద్దు, అది క్షారాన్ని ఇంకా పెంచుతుంది. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) లీటరుకు 3 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 1 గ్రాము కలిపి సాయంత్రం ఆకులమీద పిచికారీ చేయండి, వారం ఆగి ఇంకోసారి. చేలల్లో 5 గ్రాములు వాడతారు, కుండీ మందారానికి నేను అంత వేయను. వాన నీళ్లు పట్టుకునే వీలుంటే పట్టి పోయండి, ఆ పచ్చదనం వేరుగా ఉంటుంది. ముదురు ఆకులు పండి ఒకటీ అరా రాలితే మాత్రం అది వయసు, దానికి మందులేదు.

మామూలుగా వేసేది: నెలకోసారి బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీ కంపోస్టు రెండు గుప్పిళ్లు, పదిహేను రోజులకోసారి 13-0-45 (పొటాషియం నైట్రేట్) లీటరుకు 2 గ్రాములు, తడి మట్టిలో. పొడి మట్టికి ఎరువు నీళ్లు పోస్తే వేరు కాలుతుంది. మే నెలలోనూ, మొక్క జబ్బుగా ఉన్నప్పుడూ ఏదీ వేయొద్దు. కుండీ 14 అంగుళాలకు తగ్గకుండా, ఎర్రమట్టి, ఎరువు, కొబ్బరి పొట్టు, కొంచెం ఇసుక. ఎండ ఐదారు గంటలు కావాలి, కానీ పెద్ద హైబ్రిడ్లకు వేసవిలో మధ్యాహ్నం నీడ ఇవ్వండి, లేకపోతే పువ్వు పదకొండింటికే తల వేలాడేస్తుంది.

పిండినల్లి. తెల్ల దూదిలా కొసల్లో చేరి చిగురు ముడుచుకుపోతుంది. మీ మిద్దె తోటలో బెండ, గోంగూర కూడా ఉన్నాయన్నారు కాబట్టి ఇది ముఖ్యం. బెండ, గోంగూర, పత్తి, మందారం అన్నీ ఒకే కుటుంబం, చుట్టాల మధ్య పురుగులు కూడా వచ్చిపోతూ ఉంటాయి. బెండ మడి పక్కన మందారం కుండీ పెట్టకండి. ముందు నీళ్ల పైపుతో జోరుగా కొట్టి రాల్చండి, మిగిలినవాటిని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి, తర్వాత వేపనూనె. చీమలు ఎక్కుతున్నాయేమో చూడండి. ఆ తీపి జిగురు కోసం చీమలే వాటిని మోసుకొచ్చి, వాటిని తినే పురుగులను తరిమి కాపలా కాస్తాయి, చీమల దారి ఆపకుండా మందు కొడితే పదిరోజులకు మళ్లీ వస్తాయి. ఎదిగిన పిండినల్లిలాగే తెల్లగా ఉండి, కొంచెం పెద్దగా, చకచకా తిరిగే పురుగు కనపడితే చంపకండి, అది అక్షింతల పురుగు పిల్ల, పిండినల్లినే తింటుంది.

కత్తిరింపు అంటే అందరికీ ప్రాణం ఒప్పదు. మందారం కొత్త కొమ్మ కొసనే మొగ్గ వేస్తుంది, పాత కర్ర మీద వేయదు. కత్తిరించకపోతే పువ్వు ఏటా ఒక అడుగు పైకి వెళ్లి చివరికి పక్కింటివాళ్ల బాల్కనీకి అందుతుంది (పొద్దున్నే గోడ మీంచి కోసుకుపోయేవాళ్లకు మాత్రం సౌకర్యం). ఫిబ్రవరిలో ఒకసారి మూడోవంతు తీసేయండి, బయటివైపు చూసే కణుపుకు కాస్త పైన. రెండు మూడు నెలలు పువ్వులుండవు, పూజకు కావాలంటే సగం కొమ్మలు ఇప్పుడు, మిగతా సగం నెల తర్వాత చేసుకోండి. మొగ్గ విచ్చే ముందురోజు సాయంత్రం కోసినా మర్నాడు పళ్లెంలో విచ్చుకుంటుంది, నీళ్లలో పెట్టనక్కర్లేదు.

మీ అక్క అమెరికా నుంచి మీ ప్రశ్న కిందే అడిగారు, న్యూజెర్సీలో బయట పెట్టిన మందారం చలికి పోయిందని. అక్కడ దుకాణాల్లో రెండు రకాలు ఒకే పేరుతో దొరుకుతాయి. మన మందారం 10 డిగ్రీల సెల్సియస్ కిందికి వెళ్తే తట్టుకోలేదు, అక్టోబరుకే కుండీతో ఇంట్లోకి, దక్షిణం కిటికీ దగ్గరికి తేవాలి. పళ్లెమంత పువ్వు పూసే చలి మందారం వేరు, అది చలికాలం నేలదాకా ఎండి, మే నెల వచ్చాక గానీ మొలకెత్తదు. మా అమ్మాయి మొదటి ఏడాది అది చచ్చిందనుకుని ఏప్రిల్లో తవ్వి పారేసింది.

మీరు ఎర్ర కొమ్మలు కోసే ముందు ఆ బుడిపె దగ్గర కాండాన్ని నాలుగు పక్కల నుంచీ ఫొటో తీసి పెట్టండి. పసుపు కొమ్మ దేని మీంచి వచ్చిందో చూసి గుర్తు పెట్టి చెప్తాను, అప్పటిదాకా కత్తెర పట్టొద్దు.